ఫినాయిల్ పోస్తే డీజిల్ మడ్డి పోదు

చేపల వేట నిషేధం ముగిసే రోజులు దగ్గరపడగానే మా కాకినాడ వైపు బోటు వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ అదే మెసేజ్. "ట్యాంకులో పట్టే నల్ల జిగురు నాచు. బంకు వాళ్ల కల్తీ వల్లే వస్తుంది. ఐదు లీటర్ల కిరోసిన్, అర లీటరు ఫినాయిల్ పోస్తే రాత్రికి రాత్రే చస్తుంది. నిషేధంలో ట్యాంకు కొంచెం వెలితిగా ఉంటేనే మంచిది."

నాచుకు వెలుతురు కావాలి. మూసిన ట్యాంకులో వెలుతురెక్కడిది? అది బాక్టీరియా, బూజు. డీజిల్ కంటే నీళ్లు బరువు, అడుక్కి చేరతాయి. ఈ బాక్టీరియా, బూజు ఆ నీళ్లలో ఉంటూ పైనున్న డీజిల్‌ని తింటాయి. అనుమానముంటే ట్యాంకు అడుగు ప్లగ్గు విప్పి, గాజు సీసాలో పట్టి, అరగంట కదపకుండా ఉంచండి. కింద నీళ్లు, పైన డీజిల్, మధ్యలో కాఫీ రంగు మీగడ. సీసా వంచితే ఆ మీగడ తెగదు, సాగుతుంది.

నీళ్లు బంకు నుంచీ రావచ్చు, కాదనను. మరి మన పెరట్లో నిలబెట్టిన డ్రమ్ము మాటేమిటి? దాని మూత మీద వాన నీళ్లు నిలుస్తాయి. పగటి వేడి పోయి డ్రమ్ము చల్లబడేటప్పుడు బిరడా సందులోంచి వాటిని లోపలికి పీల్చుకుంటుంది.

కిరోసిన్ మాట చదివి నవ్వొచ్చింది. ఈ బూజుల్లో ఒకదానికి 'కిరోసిన్ ఫంగస్' అనే పేరే ఉంది. జెట్ విమానాల ఇంధనం కిరోసిన్ రకమే, వాటి ట్యాంకుల్లోనూ ఇది పెద్ద తలనొప్పి అయింది. అంటే మనం పోసేది మందు కాదు, మేత. పైగా కిరోసిన్‌కి జిడ్డు తక్కువ, పంపు అరిగిపోతుంది.

ఫినాయిల్ ఇంకా చెడ్డది. బకెట్ నీళ్లలో పోస్తే పాలలా కలిసిపోతుంది కదా, ట్యాంకులోనూ అదే గుణం చూపిస్తుంది. అడుగున విడిగా ఉన్న నీళ్లను డీజిల్లో కలిపేస్తుంది. అప్పుడు డీజిల్‌లోంచి నీళ్లను వేరుచేసే సెపరేటర్‌కి కూడా దొరక్కుండా నీళ్లు, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల దాకా పోతాయి.

ఇక రాత్రికి రాత్రే చావడం. డీజిల్ కోసమే చేసిన అసలు మందు పోసినా, చచ్చిన మడ్డి ట్యాంకులోనే ఉంటుంది. మా బాబాయి ఓసారి అడుగు నీళ్లు తీయకుండానే మందు పోసి వేటకెళ్లాడు. భైరవపాలెం దాటాక అలల కుదుపుకి మడ్డి లేచింది. గంటలో రెండు ఫిల్టర్లు మూసుకుపోయాయి, మూడోది లేదు. ఇంకో బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. విప్పి చూస్తే ఫిల్టర్ మడతల నిండా డికాక్షన్ పిప్పి లాంటి ముద్ద. ముందు నీళ్లు తీయాలి, ట్యాంకు కడిగించాలి, ఆ తర్వాతే డబ్బా మీద రాసిన కొలత ప్రకారం మందు. చేతికి గ్లౌజులు, బోటులో నాలుగు ఫిల్టర్లు ఉండాలి.

వెలితి ట్యాంకు సలహా అన్నిటికన్నా నష్టం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు బోటు కట్టేసి ఉంటుంది. ఖాళీ జాగాలోని తేమ గాలి రాత్రి చల్లబడి ట్యాంకు గోడలకు చెమటలా పడుతుంది. నిండుగా ఉంచితే ఆ జాగానే తక్కువ. అంత డీజిల్ రెండు నెలలు పెట్టాలంటే డబ్బు టెన్షన్, దొంగల టెన్షన్ ఉంటాయి, నిజమే. అలాగైతే మొత్తం తోడేసి, లోపల ఆరబెట్టి, మూత బిగించండి. తోడిన మడ్డిని మాత్రం కాలవలో పోయకండి.