వడ్డీ పెరిగింది, వాయిదా తగ్గింది

కేంద్ర బ్యాంకు పెద్దలు తలుపులు వేసుకుని కూర్చుని, ద్రవ్యోల్బణాన్నీ చమురు ధరల్నీ తూచి తూచి, చివరికి వడ్డీ రేటును పావు శాతం పెంచుతారు. దాంతో జనం అప్పులు మానేసి బుద్ధిగా ఉంటారని వారి నమ్మకం. ఆ నమ్మకం మీద నాకు అపారమైన గౌరవం ఉంది. చిక్కల్లా ఒకటే. ఆ పావు శాతం సంగతి మా ఇంటి పరపతి కమిటీకి ఎవరూ చెప్పలేదు.

మా కమిటీలో సభ్యులు ఇద్దరం: నేను, మా ఆవిడ. సమావేశ స్థలం సోఫా. అజెండా, ఆ సోఫాని మార్చడం. ఎలాగూ మారుస్తున్నాం కాబట్టి ఎదురుగా ఉన్న టీవీ కూడా. పాత టీవీ బాగానే ఉందన్న అభ్యంతరాన్ని నేనే లేవనెత్తి, నేనే ఉపసంహరించుకున్నాను. మా ఆవిడ అడిగింది ఒక్కటే: "నెలకి ఎంత పడుతుందండీ?"

వడ్డీ ఎంతని ఆవిడా అడగలేదు, నేనూ అడగలేదు. అప్పిచ్చేవాణ్ణి వడ్డీ అడగడం, కొత్త అల్లుణ్ణి జీతం అడిగినంత ఇబ్బందిగా ఉంటుంది.

లక్ష అప్పు అనుకోండి. 12 శాతం వడ్డీకి 36 నెలలైతే వాయిదా సుమారు 3,321. ఈలోగా రేటు 14కి ఎగబాకింది. సిద్ధాంతం ప్రకారం మేం భయపడి లేచిపోవాలి. కానీ అప్పిచ్చే అబ్బాయి చిరునవ్వుతో 36ని 60 చేశాడు. వాయిదా 2,327కి దిగింది. నెలకి దాదాపు వెయ్యి మిగిలిందని మేం మురిసిపోయాం. మొత్తం వడ్డీ 19,600 లోపు ఉండాల్సింది 39,600 దాటిందన్న వివరం కాగితంలో ఉంది. ఆ కాగితం బీరువాలో ఉంది.

ఇదంతా మా అజ్ఞానమే అనుకుంటే పొరపాటు. డీన్ కార్లన్, జొనాథన్ జిన్‌మన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దక్షిణాఫ్రికాలో ఒక రుణసంస్థ ఖాతాదారులకు రకరకాల వడ్డీ రేట్లతో ఉత్తరాలు పంపించి చూశారు. 2008లో ఫలితాలు అచ్చయ్యాయి. అలవాటైన రేటు దాటి పైకి పోతే జనం నిజంగానే వెనక్కి తగ్గారు, అది ఒప్పుకోవాలి. కానీ వడ్డీ తగ్గించడం కంటే గడువు పెంచడానికే ఎక్కువ స్పందించారట. మా సోఫాకి అంతర్జాతీయ గుర్తింపు వచ్చినట్టే.

నన్నడిగితే కేంద్ర బ్యాంకు రేటు జోలికి పోకుండా, అప్పు తీర్చే నెలల మీద పడాలి. ఇదేం నా సొంత తెలివి కాదు. 1941లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 'రెగ్యులేషన్ డబ్ల్యూ' అనే నిబంధన తెచ్చి, వాయిదాల కొనుగోళ్లకు ముందుగా కనీసం ఎంత కట్టాలో, గరిష్ఠంగా ఎన్ని నెలల్లో తీర్చాలో నిర్ణయించింది. యుద్ధకాలంలో సామాన్ల గిరాకీ తగ్గించాలని. ఎవరో పెద్దాయన ఎక్కడో ఒక ఇంటి కమిటీ సమావేశాన్ని చాటుగా విని ఉంటాడు.

రేటు పెరిగితే అప్పులు తగ్గవా అంటే, తగ్గుతాయి. అప్పటికే ఉన్న ఇంటి అప్పు వాయిదా పెరిగి చేతిలో చిల్లర మిగలదు. ఇచ్చేవాడికీ భయం పట్టుకుని దరఖాస్తులు వెనక్కి పంపుతాడు. లెక్కల్లో మాత్రం దాన్ని "గిరాకీ తగ్గింది" అని రాసేస్తారు. మా గిరాకీకి ఏ లోటూ లేదు, కావాలంటే మా హాలుకి వచ్చి చూసుకోవచ్చు.

సంతకాలయ్యాక మా ఆవిడ కొత్త సోఫా దిండు నొక్కి చూసి, అరవయ్యో నెల దాకా ఇది ఉంటుందా అని అడిగింది. ఆ అంశాన్ని తదుపరి సమావేశానికి వాయిదా వేశాం. మాకు బాగా అలవాటైన పని అదే.