బండి ఆగితేనే బతికిన ఊళ్లు

డాలస్‌లో ఉండే తెలుగువాళ్లు గ్రాండ్ క్యానియన్‌కి కార్లో బయల్దేరితే అమరిల్లో దాకా సుమారు ఆరు గంటలు, అక్కణ్నుంచి ఐ-40 మీద పడమరకి ఒకటే పరుగు. మేమూ మొదటిసారి అలాగే వెళ్లాం. ఆ హైవే పక్కనే, కొన్నిచోట్ల కంచెకి అవతలే, రూట్ 66 ఇంకా ఉందని రెండోసారి వెళ్లినప్పుడుగానీ గమనించలేదు. ఒక పూట ఆలస్యమైనా సరే, వీలున్న చోటల్లా ఆ పాత రోడ్డే ఎక్కాలని ఇప్పుడు అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను.

ఆ రోడ్డుకి 2026 నవంబరు 11తో వందేళ్లు. షికాగో నుంచి లాస్ ఏంజెలెస్ దాకా 8 రాష్ట్రాల మీదుగా దాదాపు 3,900 కిలోమీటర్లు. ఓక్లహామాలోని తుల్సాకి చెందిన వ్యాపారి సైరస్ ఏవరీ పట్టుబట్టి సాధించిన మార్గం ఇది. చాలావరకు కొత్తగా వేసింది కాదు, అప్పటికే ఉన్న రోడ్లను, ఊళ్ల నడిబజార్లను కలుపుకుంటూ పోయారు. అందుకే ప్రతి బండీ ఊరి మధ్యలోంచే వెళ్లాల్సి వచ్చేది. 1930ల్లో కరువుకీ దుమ్ము తుఫాన్లకీ పొలాలు పోయిన ఓక్లహామా రైతులు సామాన్లు కట్టుకుని కాలిఫోర్నియాకి కదిలింది ఈ దారినే. పాలమూరు వలసలు చూసినవాళ్లకి ఆ దృశ్యం ఎలా ఉండేదో విడిగా చెప్పక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కార్లు పెరిగాయి, సెలవులకి కుటుంబాలు బయల్దేరాయి. ఊరికో పెట్రోలు బంకు, నాలుగు మోటెళ్లు, ఆరు హోటళ్లు వెలిశాయి. గంటకి 80 కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి బోర్డు మీది మెనూ చదివే తీరిక ఎక్కడిది? దూరం నుంచే కంటపడాలి, కారులో పిల్లలు 'నాన్నా ఆపు, ఆపు' అని గోల చెయ్యాలి. దారి పక్క వింతల్లో చాలావాటి పుట్టుక అదే.

టెక్సాస్‌లో గ్రూమ్ అనే చిన్న ఊరి బయట ఒక నీళ్ల ట్యాంకు పక్కకి ఒరిగి ఉంటుంది. దాన్ని కొన్న ఆసామి కావాలనే అలా ఒరగబెట్టి నిలబెట్టాడు. పడిపోతోందేమోనని కంగారుపడి బండి ఆపినవాళ్లకి ఎదురుగా అతని ట్రక్ స్టాప్ కనిపించేది. ఆ ట్రక్ స్టాప్ ఎప్పుడో కాలిపోయింది, ట్యాంకు మాత్రం ఈనాటికీ జనం చేత బండ్లు ఆపిస్తోంది. అరిజోనాలోని హోల్‌బ్రూక్‌లో 1950లో కట్టిన విగ్వామ్ మోటెల్ గదులు కాంక్రీటు గుడారాలు. ఆ నమూనా వేరొకరిది. దానికి రాయల్టీ కట్టిన పద్ధతి భలేగా ఉంటుంది. ప్రతి గదిలో ఒక రేడియో పెట్టారు. పది సెంట్ల నాణెం వేస్తే అరగంట పాడేది, ఆ నాణేలన్నీ నమూనా సొంతదారుకి పోయేవి.

అన్నీ వ్యాపారం కోసం కట్టినవే అనుకుంటే పొరపాటు. ఓక్లహామాలోని కటూసాలో చెరువు ఒడ్డున నోరు తెరుచుకుని కూర్చున్న నీలి తిమింగలం ఉంది. 1970ల మొదట్లో హ్యూ డేవిస్ అనే ఆయన పెళ్లిరోజు కానుకగా భార్య కోసం కట్టింది అది. ఆవిడకి తిమింగలం బొమ్మలు పోగుచెయ్యడం ఇష్టం.

అమరిల్లో బయట క్యాడిలాక్ రాంచ్ తీరు వేరు. 1974లో యాంట్ ఫార్మ్ అనే కళాకారుల బృందం 10 క్యాడిలాక్ కార్లను ముక్కు కిందకి పెట్టి వరసగా పాతింది. దగ్గరికి వెళ్తుంటేనే స్ప్రే పెయింట్ వాసన ముక్కుకి తగులుతుంది. చూడవచ్చినవాళ్లంతా తలా ఒక డబ్బా తెచ్చి పేర్లు రాసి పోతారు. ఏళ్ల తరబడి పొర మీద పొర పడి ఆ రంగు అంచుల్లో ముద్దకట్టి వేలాడుతుంది. ఊడిపడ్డ ఒక పెచ్చు చేతిలోకి తీసుకుని పక్కనుంచి చూస్తే చెట్టు మానులో వలయాల్లాగా ఎరుపు, పసుపు, నీలం చారలు. మా అమ్మాయి రాసిన పేరు మర్నాటికి ఇంకో పేరు కిందకి పోయుంటుంది. అయినా తను ఎంత శ్రద్ధగా రాసిందో!

1956లో ఐ-40 లాంటి పెద్ద హైవేలు వేసే ఇంటర్‌స్టేట్ చట్టం వచ్చాక ఒక్కో ఊరికీ బైపాస్ పడుతూ వచ్చింది. 1985లో రూట్ 66ని అధికారిక జాబితాలోంచే తీసేశారు. మన దగ్గర బైపాస్ వచ్చిన ఊళ్లో పాత బస్టాండు ఎదుట టీ కొట్టు నడిపినవాళ్లకి ఆ దెబ్బ ఏమిటో తెలుసు. అరిజోనాలో సెలిగ్‌మన్ ఊరికి 1978 సెప్టెంబరు 22న ఐ-40 తెరిచారు. అంతదాకా వాకిట్లోంచి పోయిన బండ్లన్నీ ఆ రోజునుంచి ఊరి బయటనుంచే పోయాయి. ఏంజెల్ డెల్గాడిలో అనే మంగలి ఊరుకోలేదు. నలుగురినీ కూడగట్టి 1987లో సంఘం పెట్టి, రాష్ట్ర ప్రభుత్వం వెంటపడి, ఆ ఏడాదే సెలిగ్‌మన్ నుంచి కింగ్‌మన్ దాకా దాదాపు 140 కిలోమీటర్లను చారిత్రక మార్గంగా ప్రకటింపజేశాడు. తర్వాత మిగతా రాష్ట్రాల్లోనూ అలాంటి సంఘాలు వచ్చాయి. ఒక మంగలి షాపులోంచి ఇంత పని జరిగిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఈ దారిని తలుచుకుని మురిసిపోయేవాళ్లు మర్చిపోకూడని సంగతి ఒకటుంది. అందరికీ ఇక్కడ గది దొరికేది కాదు. నల్లజాతివాళ్లు ఎక్కడ ఆగొచ్చో చెప్పే గ్రీన్ బుక్ పట్టుకుని ప్రయాణం చేసేవారు, చీకటి పడేలోగా దాటిపోవాల్సిన ఊళ్లు దారి పొడవునా ఉండేవి. ఓక్లహామాలోని లూథర్ దగ్గర నల్లజాతి కుటుంబం నడిపిన త్రెట్ పెట్రోలు బంకు ఇప్పటికీ నిలిచి ఉంది. వందేళ్ల పండగలో తిమింగలానికి ఎంత చోటు ఇస్తారో దానికీ అంత ఇవ్వాలి. హోల్‌బ్రూక్ గుడారాలు కూడా చుట్టుపక్కల ఉండే నవహో అనే ఆదివాసీ ప్రజల ఇళ్లలాంటివి కావు, ఎక్కడో దూరాన మైదానాల్లో ఉండే తెగలవి. పిల్లలకి ఆ గుడారం చూపించేటప్పుడు ఈ మాట కూడా చెప్పాలి.

ఈ రోడ్డు మీద మోటెళ్లు చాలా కుటుంబాల చేతుల్లో నడుస్తున్నాయి, వాళ్లలో గుజరాత్ నుంచి వచ్చిన పటేళ్లూ ఉన్నారు. ఫోటో దిగి వెళ్లిపోతే వాళ్లకి ఒరిగేదేమీ లేదు. ఒక రాత్రి అక్కడే పడుకోవాలి, అక్కడే తినాలి, బంకులో పెట్రోలు కొట్టించుకోవాలి.

సెలిగ్‌మన్‌లో ఏంజెల్ వాళ్ల అన్నయ్య హువాన్ 1953లో రైల్వేవాళ్లు పారేసిన చెక్కతో కట్టుకున్న స్నో క్యాప్ అనే తిండి దుకాణం ఉంది. దాని తలుపుకి రెండు పిడులు ఉంటాయి, ఒకటి ఉత్తుత్తిది. మా అమ్మాయి ఆ ఉత్తుత్తి పిడే పట్టుకుని బలంగా లాగింది. లోపల వరసలో నిలబడ్డవాళ్లంతా ఒక్కసారిగా నవ్వి, రెండో పిడి వైపు చెయ్యి చూపించారు.