గంటలో చేరిపోయేవాడి గోడు

రెండు నగరాల మధ్య నాలుగు వందల కిలోమీటర్లు ఉన్నా సరే, ఈ మధ్య ప్రతివాడూ ‘రైల్లో పోవచ్చుగా’ అంటున్నాడు. మరి విమానం పరువేం కావాలి? పాపం, గంటలో దింపుతుంది కదా. ఆ గంటకి ముందు మూడు గంటలు, తర్వాత ఓ గంటన్నర పడితే పడొచ్చు. గోరంత ఎగరడానికి కొండంత ఏర్పాటు ఉండాలి, అప్పుడే ప్రయాణానికి ఓ గౌరవం.

ముఖ్యంగా ఆ తనిఖీ. బెల్టు విప్పి ట్రేలో వేసి, జారుతున్న ప్యాంటుని ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో ట్రేని ముందుకు నెడుతున్నప్పుడు మనిషికి కలిగే వినయం ఏళ్ల తరబడి ధ్యానం చేసినా రాదు. రైలు ఏం నేర్పుతుంది? ఎక్కడం, కూర్చోవడం.

పోనీ, నేనూ ఒకసారి రైలెక్కి చూశాను. పొలాల మధ్య ముప్పావు గంట ఆగిపోయింది. ఎందుకో చెప్పిన నాథుడు లేడు. అది సరే. కానీ పక్క సీటాయన ఏమాత్రం జంకు లేకుండా లేచి, బోగీ ఆ చివరి దాకా నడిచి, కాళ్లు సాగదీసుకుని వచ్చాడు! అదే రన్‌వే మీద ఆగిన విమానంలో అయితే మోకాళ్లు ముందు సీటుకి ఆనించి కదలకుండా కూర్చునేవాడు. క్రమశిక్షణ అంటే అదీ.

ఇంజనీర్లది మరీ చోద్యం. ఉక్కు చక్రం ఉక్కు పట్టాని తాకే చోటు నాణెమంతే ఉంటుందట, అందుకే రైలుకి అంత తక్కువ శక్తి సరిపోతుందట. పిసినారితనానికి ఎంత మంచి పేరు పెట్టారో! విమానం అలా కాదు, దర్జాగా ఇంధనం తగలేసి పైకెక్కుతుంది. దగ్గరి ఊరైతే ఎక్కడం పూర్తయ్యేలోపే దిగడం మొదలు.

జపాన్‌వాళ్లు 1964లోనే టోక్యో నుంచి ఒసాకాకి బుల్లెట్ రైలు వేసి ఈ చెడు అలవాటు మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ 515 కిలోమీటర్లూ రెండున్నర గంటల లోపే. ఫ్రాన్స్ ఇంకా బరితెగించింది. రైల్లో రెండున్నర గంటల్లో చేరగలిగితే దేశంలో విమానం నడపకూడదని 2023 మేలో ఉత్తర్వు ఇచ్చింది. పారిస్ ఓర్లీ విమానాశ్రయం నుంచి లియోన్, నాంత్, బోర్డో దారులు దానికి బలయ్యాయి. సొంత జెట్లున్నవాళ్ల జోలికి మాత్రం పోలేదు. ఎంతైనా ప్రభుత్వాలకీ మనసుంటుంది.

మొన్న నేనూ, మా ఆఫీసులో ఒకాయనా ఒకే మీటింగుకి వేరే నగరం వెళ్లాల్సి వచ్చింది. ఇద్దరం పొద్దున్న ఒకే టైముకి ఇళ్ల నుంచి బయల్దేరాం. ఆయన రైలు, నేను విమానం. నేను దిగి బ్యాగు కోసం నిలబడి ఉండగా ఆయన ఫోన్.

‘స్టేషన్ నుంచి నడుచుకుంటూ వచ్చేశానండీ, ఇక్కడ అందరూ కూర్చున్నారు. మీరెక్కడ?’

‘ఇప్పుడే ల్యాండయ్యాను’ అన్నాను, చుట్టుపక్కలవాళ్లకి కూడా వినపడేలా. జన్మలో ఆ మాట అనే యోగం ఆయనకుందా?

ఊరింకా నలభై కిలోమీటర్లు ఉంది. ఎవరిదో ఎర్ర పెట్టె ఐదోసారి నా ముందు నుంచి వెళ్లింది. ఈపాటికి దాని గీతలు కూడా గుర్తుపట్టగలను.