మహారాజశ్రీ నెగెటివ్ రిపోర్టు గారికి

అయ్యా,

ఉభయకుశలోపరి. నా కుశలం మాత్రం తమరే సెలవివ్వాలి. నేను చెబితే మా విశాఖ ఎంవీపీ కాలనీలో నమ్మే నాథుడు లేడు.

కరోనా మూడో వేవ్‌లో, సరిగ్గా సంక్రాంతి ముందు, నాకు పాజిటివ్ వచ్చింది. కేంద్ర ఆరోగ్య శాఖ 2022 జనవరి 5న ఇచ్చిన నిబంధనలు తెలుసుగా? లక్షణాలు స్వల్పంగా ఉంటే పాజిటివ్ తేలిన దగ్గర్నుంచి కనీసం 7 రోజులు ఇంట్లో ఉండాలి. వరసగా 3 రోజులు జ్వరం రాకూడదు. బయటికొచ్చాక మాస్కు మానకూడదు. మళ్లీ టెస్టు అక్కర్లేదు. అంటే తమరితో పనే లేదు. ఆ మాటే అంటే మా అపార్టుమెంటు సెక్రటరీ గారు, "అది ఢిల్లీ రూలు మాస్టారూ, మన బ్లాకు రూలు వేరు" అన్నారు. అద్దెకున్నవాళ్లకి బ్లాకు రూలే రాజ్యాంగం.

పాల ప్యాకెట్ కోసం కిందికి దిగితే వాచ్‌మన్ అడ్డం. "కాయితం వచ్చిందేటి బాబూ?" లిఫ్టు పక్కన థర్మాకోల్ ముక్కకి గుచ్చిన పళ్లపుల్లల్లోంచి ఒకటి తీసి, బటన్ తనే నొక్కి, నన్ను మళ్లీ పైకి పంపేశాడు.

టెస్టు చేయించుకుందామంటే అదో తంటా. ఆర్టీపీసీఆర్ పట్టేది వైరస్ జన్యుపదార్థపు ముక్కల్ని. జబ్బు తగ్గాక కూడా వారాల తరబడి అవి ముక్కులో దొరకవచ్చు. మా నాన్నగారిని పెన్షనాఫీసు ఏటా లైఫ్ సర్టిఫికెట్ అడుగుతుంది. ఈ టెస్టు వైరస్‌ని ఆ మాత్రం కూడా అడగదు.

అదే నాలుగో అంతస్తు ఆయన్ని చూడండి. ఇంటావిడకి పాజిటివ్ వచ్చిన మర్నాడే ర్యాపిడ్ టెస్టు చేయించుకున్నారు. తమరు వెంటనే దయచేశారు. లక్షణాలుంటే ర్యాపిడ్ నెగెటివ్‌ని నమ్మొద్దు, ఆర్టీపీసీఆర్ చేయించమని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అప్పట్లో మొత్తుకుంటూనే ఉండేది. ఆయన మాత్రం తమరిని జేబులో పెట్టుకుని, భోగిమంట దగ్గర దగ్గుతూ అందరికీ తమరి దర్శనం చేయించారు. దగ్గేవాడికి గేటు బార్లా, తగ్గినవాడికి తాళం! ఏం న్యాయమండీ?

చివరికి నాకూ దయచేశారు, క్యూఆర్ కోడ్‌తో సహా. వాట్సాప్ గ్రూపులో పెట్టగానే దణ్ణాలు కురిశాయి. ఆ వెనకే ప్రశ్నలు. ఏ ల్యాబు? సీటీ వాల్యూ ఎంత? సీటీ వాల్యూ అంటే టెస్టులో వైరస్ ఎన్నో విడతకి దొరికిందో చెప్పే అంకె. ఏమీ దొరకని చోట అది ఎక్కణ్ణుంచి తేవాలండీ? టెస్టు కిట్లు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఉన్న ఊళ్లో అడగాల్సిన ప్రశ్నేనా అది! రెండో అంతస్తు పిన్నిగారు అరిసెల సంచి మా తలుపు గ్రిల్‌కి తగిలించి, "నెగెటివ్ అటగా, సంతోషం నాయనా" అని మెట్ల మలుపు నుంచే ఆశీర్వదించి వెళ్లిపోయారు.

నెలాఖరుకి సెక్రటరీ గారికీ పాజిటివ్. ఏడో రోజు దాటిన పొద్దున్నే ఫోన్. "మాస్టారూ, మళ్లీ టెస్టు అక్కర్లేదని మీ దగ్గరేదో సర్క్యులర్ ఉందన్నారే, గ్రూపులో కాస్త పెడతారా?"

పెట్టాను. తమరితో పనిలేదన్న వాక్యం కింద ఎర్రగీత కూడా గీశాను.

ఇట్లు,
తమరి పీడీఎఫ్‌ని ఇంకా ఫోన్‌లోంచి తీసేయని
ఒక అద్దెదారు, విశాఖపట్నం