ర్యాక్ ముందు నిలబడే మనిషికి ఒప్పందంలో చోటెక్కడ?

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచెత్తిన రోజున హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి మీద వాహనాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మహబూబాబాద్ జిల్లాలో పట్టాల కింద కట్ట కొట్టుకుపోవడంతో రైళ్లూ నిలిచిపోయాయి. మరునాడు ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. పటమటలోని మా చిన్న కార్యాలయం నుంచి మేం చూసుకునే సర్వర్లు హైదరాబాద్‌లో, సుమారు 275 కిలోమీటర్ల దూరంలో, ఒక డేటా సెంటర్‌లో ఉంటాయి. ఆ రెండు రోజులూ వాటికి ఏమీ కాలేదు. అయితే ఏదైనా అయితే మాలో ఎవరమూ అక్కడికి చేరుకోలేమన్న సంగతి మాత్రం మొదటిసారి గట్టిగా తెలిసివచ్చింది. ఆ కేంద్రంతో అంతకుముందు సంతకం పెట్టేసి బీరువాలో పడేసిన ఒప్పందాన్ని బయటికి తీసి చదివింది అప్పుడే.

అందులో విద్యుత్తు, చల్లదనం, భద్రతల గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి. అక్కడ ఉండే సాంకేతిక సిబ్బంది మన తరఫున చేసిపెట్టే పనుల గురించి, అంటే ఈ రంగంలో ‘రిమోట్ హ్యాండ్స్’ అని పిలిచే సేవ గురించి, నాలుగు వరుసలే ఉన్నాయి. గంటకు ఇంత రుసుము, పావుగంట చొప్పున లెక్క, ముందుగా టికెట్, అంటే పని కోరే అభ్యర్థన, పెట్టాలి. అంతే. టైర్ 3 (నాలుగు స్థాయుల్లో మూడోది) కేంద్రానికి పరిశ్రమలో సాధారణంగా చెప్పే 99.982 శాతం లభ్యత అంటే ఏడాదిలో సుమారు గంటా ముప్పై ఐదు నిమిషాలకు మించి అంతరాయం ఉండదని అర్థం. చాలామంది వినియోగదారులు ఆ అంకె చూసి నిశ్చింతగా ఉంటారు. కానీ ఆ హామీ ర్యాక్ (సర్వర్లను అమర్చే చట్రం) దాకా వచ్చే కరెంటుకూ, గదిలోని చల్లదనానికీ వర్తిస్తుందే తప్ప, ఆ ర్యాక్‌లో మనం పెట్టుకున్న యంత్రానికి వర్తించదు. డిస్కు పోయినా, యంత్రాలను కలిపే ఫైబర్ కేబుల్ వదులైనా, సర్వర్ బూట్ కాకుండా మొరాయించినా కేంద్రం లెక్కలో అంతరాయం సున్నా. మన వినియోగదారుడి పని మాత్రం ఆగిపోయే ఉంటుంది.

ఆ తర్వాతి ఫిబ్రవరిలో, గుంటూరు మిర్చి యార్డుకు సరుకు పోటెత్తే రోజుల్లో, కొన్ని కమీషన్ కొట్ల లెక్కలున్న సర్వర్‌లో ఒక డిస్కు పాడైంది. అది డేటాను పలు డిస్కుల మీద పంచి ఉంచే రెయిడ్ 5 అమరిక కాబట్టి ఒక డిస్కు పోయినా డేటా నిలుస్తుంది, రెండోది కూడా పోతే నిలవదు. రాత్రి ఒంటిగంట దాటాక టికెట్ పెట్టి, తెర మీద కనిపించినట్టే, ‘మూడో డిస్కు మార్చండి’ అని రాశాను. కాసేపటికి అక్కడి సాంకేతికుడు ఫోన్ చేశాడు. ‘మేడమ్, మూడోదానికి పచ్చ లైటే వెలుగుతోంది. నారింజ లైటు నాలుగోదానికి ఉంది. ఏది తియ్యమంటారు?’ నేను తెర మీద చూసే సాఫ్ట్‌వేర్ డిస్కులుండే స్లాట్లను సున్నా నుంచి లెక్కపెడుతుంది. తెర మీది మూడు, ఆయన కళ్ల ముందున్న నాలుగు. నేను రాసినదాన్ని రాసినట్టే పాటించి బాగున్న డిస్కును లాగి ఉంటే ఆ క్షణమే సర్వర్ నిలిచిపోయేది. ఆయన సీరియల్ నంబరులోని చివరి అంకెలు చదివి వినిపించాడు, నేను సరిచూసుకున్నాను, ఆ తర్వాతే డిస్కు బయటికి వచ్చింది. బిల్లులో అది రెండు పావుగంటల పనిగా నమోదైంది.

దూరం నుంచే అన్నీ చేయవచ్చన్న నమ్మకం పెద్ద సంస్థలనూ దెబ్బతీసింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్ దాదాపు ఆరు గంటలు ఆగిపోయినప్పుడు దూరం నుంచి లోపలికి వెళ్లే దారులన్నీ మూసుకుపోయి, ఇంజినీర్లను డేటా సెంటర్లకే పంపవలసి వచ్చింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ అప్‌డేట్ లోపంతో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు కుప్పకూలితే, వాటిలో చాలావాటిని మనిషి ఎదురుగా కూర్చుని ఒక్కొక్కటిగా సరిచేయవలసి వచ్చింది.

మనిషి చెయ్యి పడితే మేలు మాత్రమే జరుగుతుందని నేను అనడం లేదు. 2017 మేలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సేవలు స్తంభించి దాదాపు 75 వేల మంది ప్రయాణికులు ఇరుక్కుపోయారు. డేటా సెంటర్‌లో ఒక ఇంజినీరు విద్యుత్తు సరఫరాను తప్పించి, తిరిగి కలిపిన తీరే నష్టానికి కారణమని ఆ విమానయాన సంస్థ మాతృసంస్థ అధిపతే చెప్పారు. ఇంత నష్టం చేయగల చేతికి, అంత నష్టాన్ని ఆపగల చేతికి మధ్య తేడా శిక్షణలోనూ, ఆగి అడిగే అలవాటులోనూ ఉంటుంది. అయినా ఈ సేవను చాలాచోట్ల కేబుళ్లు గుచ్చే చిల్లర పనిగానే చూస్తున్నారు. రాత్రి షిఫ్టులో అనుభవం తక్కువున్న కుర్రవాణ్ని ఒంటరిగా నిలబెట్టడం నా దృష్టిలో పొదుపు కాదు, వినియోగదారుడి డేటాను పణంగా పెట్టడమే.

ఈ మాట మనకు ఇప్పుడు మరీ దగ్గరిది. మంగళగిరిలో ఇప్పటికే డేటా సెంటర్ నడుస్తోంది. విశాఖపట్నంలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. భవనం పూర్తయ్యాక ఇటువంటి కేంద్రాలలో మిగిలే ఉద్యోగాలు తక్కువే. ఆ మిగిలేవాటిలో ముఖ్యమైనది ఈ పనే. ఎర్తింగ్ అంటే ఏమిటో, రెండు వేర్వేరు లైన్ల నుంచి వచ్చే కరెంటును ఒకే సర్వర్‌కు ఎలా ఇస్తారో, ఫైబర్ కొసను తుడవకుండా ఎందుకు గుచ్చకూడదో విజయవాడ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చదివే డిప్లొమా విద్యార్థి ఒక సెమిస్టర్‌లో నేర్చుకోగలడు. కావలసింది పుస్తకం కంటే ఒక నిజమైన ర్యాక్, దాని ముందు గడిపే గంటలు.

వినియోగదారుల వైపు బాధ్యత కూడా తక్కువేమీ కాదు. ప్రతి కేబుల్‌కూ రెండు కొసలా లేబుల్ ఉండాలి, ర్యాక్ పటం ఎప్పటికప్పుడు సరిగా ఉండాలి, టికెట్‌లో స్లాట్ సంఖ్యతో పాటు సీరియల్ నంబరూ రాయాలి. ఆ ఫిబ్రవరి రాత్రి నేను ఇవేవీ సరిగా చేయలేదు. ఈసారి ఒప్పందాన్ని తిరగరాసుకునేటప్పుడు మా వైపు నుంచి ఒక వాక్యం చేర్చమని అడిగాం: సూచనలో సందేహం వస్తే సాంకేతికుడు పని ఆపి ఫోన్ చేయాలి, అలా ఆగిన సమయానికి కూడా మేం రుసుము చెల్లిస్తాం.