కుక్క తిండికి దిక్కెవరు?

పెట్ షాపుల్లో చూసే ఉంటారు, ఇరవై కిలోల బస్తా మూతి కత్తిరించి పక్కన పెట్టేసి, దాంట్లోంచి కిలో, అరకిలో లెక్కన తూచి ప్లాస్టిక్ కవర్లో పోసి ముడేసి ఇచ్చేస్తుంటారు. చవగ్గా వస్తుంది కదా అని మనమూ తెచ్చుకుంటాం. ఆ కవర్ మీద కంపెనీ పేరుండదు, తయారైన తేదీ ఉండదు, బ్యాచ్ నంబర్ సంగతి చెప్పక్కర్లేదు. ఆ తిండి తిని ఇంట్లో కుక్క వాంతులు చేసుకుని, రెండ్రోజులు మూలన ముడుచుకుని పడుకుని, మూడో రోజుకి కళ్లు పచ్చబడితే డాక్టర్ దగ్గరికి పరిగెడతాం, ఆయన రక్తపరీక్ష చేయించి లివర్ దెబ్బతింది అంటారు, ఏం పెట్టారు అని అడుగుతారు, చెప్తాం, అంతే, అక్కడితో ఆ కథ అయిపోతుంది. డాక్టర్ దాన్ని పైకి ఎక్కడికీ రాసి పంపక్కర్లేదు, షాపువాడు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు, అదే బస్తాలోంచి ఇంకెంతమంది కొనుక్కెళ్లారో ఎవరికీ తెలీదు. పెంపుడు జంతువులున్న పాఠకులు మమ్మల్ని అడిగేది ఒకటే, తిండి మీద అనుమానం వస్తే ఎవరికి చెప్పాలండీ అని. సూటిగా చెప్పాలంటే, ఇది మా పని అనే ఆఫీసు ఈ దేశంలో ఒక్కటి కూడా లేదు.

అమెరికాలో 2007లో ఏం జరిగిందో ఇక్కడ ఒకసారి చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ విషయంలో అంతకంటే పెద్ద పాఠం ఇంకోటి లేదు. కెనడాలోని ఆంటారియోలో మెనూ ఫుడ్స్ అని ఒక కంపెనీ ఉండేది, జనానికి దాని పేరే తెలీదు, కానీ సూపర్ మార్కెట్లో పక్కపక్కన వేరే వేరే రేట్లకి దొరికే దాదాపు వంద బ్రాండ్ల కుక్క, పిల్లి తిండి డబ్బాలు తయారు చేసేది ఆ ఒక్క కంపెనీయే. ఫిబ్రవరిలో ఫిర్యాదులు మొదలయ్యాయి, పిల్లులకి కిడ్నీలు పోతున్నాయని. కంపెనీ రుచి పరీక్షల కోసం పెట్టిన జంతువుల్లోనే కొన్ని చచ్చిపోయాయి. మార్చి 16న దాదాపు 6 కోట్ల డబ్బాలు, పౌచులు వెనక్కి తెప్పిస్తున్నాం అని ప్రకటించారు. ఖరీదైన బ్రాండ్ కొంటున్నాం మాకేం భయం లేదు అనుకున్నవాళ్లూ, చవక బ్రాండ్ కొన్నవాళ్లూ ఒకే లిస్టులో తమ డబ్బా వెతుక్కోవాల్సి వచ్చింది.

అసలు విషం ఏంటో తేలడానికి ఇంకో రెండు వారాలు పట్టింది, మధ్యలో ఎలకల మందు అని ఒక ల్యాబ్ చెప్పింది కూడా, అది కాదని తర్వాత తేలింది. మార్చి 30న ఎఫ్‌డీఏ, అంటే తిండి, మందుల మీద నిఘా పెట్టే అమెరికా ప్రభుత్వ సంస్థ, చెప్పిన పేరు మెలమిన్. ప్లాస్టిక్ ప్లేట్లు, వంటింటి షీట్లు చేసే సరుకు. చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో కలిపి పంపారు, డబ్బాలో ముక్కల చుట్టూ ఉండే గ్రేవీ చిక్కబడటానికి ఈ గ్లూటెన్ వేస్తారు.

ఎందుకు కలిపారు అన్నది తెలుసుకుంటే ఒళ్లు మండుతుంది. సరుకులో ప్రోటీన్ ఎంతుందో చూడటానికి ల్యాబుల్లో వాడే పద్ధతి 1883లో డెన్మార్క్‌లో కెల్డాల్ అనే ఆయన కనిపెట్టింది, అది ప్రోటీన్‌ని నేరుగా కొలవదు, నత్రజనిని కొలిచి దాన్నిబట్టి ప్రోటీన్ ఇంత ఉంటుంది అని లెక్క కడుతుంది. మామూలు ప్రోటీన్‌లో నత్రజని 16 శాతం దాకా ఉంటుంది, మెలమిన్‌లో 66 శాతం. ఇంకేముంది, చవక పిండిలో కాస్త మెలమిన్ కలిపితే కాగితం మీద అది మంచి ప్రోటీన్ సరుకైపోతుంది. పాలల్లో నీళ్లు పోసి యూరియా కలిపే ఘనులు మనకి ఎప్పట్నించో తెలుసు కాబట్టి ఈ లెక్క మనవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. మెలమిన్ ఒక్కటే అయితే అంత ప్రమాదం కాదంటారు, దానితో పాటు సయనూరిక్ యాసిడ్ అనే ఇంకో రసాయనం కూడా ఉండటంతో రెండూ కలిసి కిడ్నీ గొట్టాల్లో సన్నటి స్ఫటికాలుగా గడ్డకట్టాయి. ఆ జంతువులు నీళ్లు తెగ తాగాయి, తిండి మానేశాయి, తర్వాత మూత్రం ఆగిపోయింది.

ఎన్ని చచ్చాయి? ఇదే అసలు ప్రశ్న, దీనికి ఇప్పటిదాకా సరైన జవాబు లేదు. మొదటి వారాల్లో అధికారికంగా ఒప్పుకున్నవి ఇరవై లోపే. యజమానులు ఎఫ్‌డీఏకి ఫోన్లు చేసి చెప్పిన చావులు కలిపితే నాలుగు వేలు దాటాయి. మనుషుల జబ్బులు లెక్కపెట్టడానికి అక్కడ పెద్ద వ్యవస్థే ఉంది, జంతువుల లెక్క ఒకచోట చేర్చే ఏర్పాటు అమెరికా లాంటి దేశంలోనే లేకపోయింది. బ్యాన్‌ఫీల్డ్ అనే జంతు ఆస్పత్రుల చైన్‌కి కంప్యూటర్ రికార్డులు ఉండబట్టి, ఆ తిండి తిన్న పిల్లుల్లో కిడ్నీ జబ్బులు పెరిగాయని తేల్చగలిగారు. కోర్టులో 2 కోట్ల 40 లక్షల డాలర్ల సెటిల్‌మెంట్ అయింది, గ్లూటెన్ దిగుమతి చేసిన లాస్ వెగాస్ కంపెనీ యజమానులు 2009లో తప్పు ఒప్పుకుని ప్రొబేషన్‌తో బయటపడ్డారు. జైలుకెళ్లలేదు.

కుక్కల గొడవే కదా అని అనుకునేవాళ్లు తర్వాతి ఏడాది సంగతి కూడా వినాలి. 2008 సెప్టెంబర్‌లో చైనాలో అదే మెలమిన్, అదే ప్రోటీన్ పరీక్షని మోసం చేయడానికి పాలల్లో కలిపారు, ఆ పాలపొడి తాగిన పసిపిల్లలు దాదాపు 3 లక్షల మంది జబ్బు పడ్డారు, ఆరుగురు చనిపోయారు. మన దేశం చైనా పాల ఉత్పత్తుల దిగుమతిని అప్పుడే నిషేధించింది. ఏడాదిన్నర ముందే కుక్కలు, పిల్లులు చచ్చి మరీ చెప్పిన సంగతి అది. విన్నవాళ్లకి అది జంతువుల వార్తగానే వినపడింది.

పోనీ అది కల్తీ, దొంగపని, అలాంటిది మళ్లీ జరగదులే అనుకుందాం. ఎవరూ ఏ దొంగపనీ చేయకుండా కూడా తిండి విషమవుతుంది. 2020 డిసెంబర్ చివర్లో అమెరికాలోనే స్పోర్ట్‌మిక్స్ అనే బ్రాండ్ పొడి తిండిని వెనక్కి తెప్పించారు, ఆ తర్వాతి నెలకి 110 పైన కుక్కలు చచ్చిపోయాయి, ఇంకో 210 జబ్బు పడ్డాయి. కారణం అఫ్లటాక్సిన్, అంటే బూజు విషం. అది మొక్కజొన్నకి పడుతుంది, వేరుశెనక్కి పడుతుంది, అనంతపురం రైతుకి ఈ పేరు బాగా తెలుసు, ఎగుమతికి పంపే పప్పులో అది కాస్త ఎక్కువుంటే సరుకు మొత్తం వెనక్కి వస్తుంది. ఇది వండితే పోదు, ఫ్యాక్టరీలో వేడి చేసి గుళికలు చేసినా చాలావరకు అలాగే ఉంటుంది, బూజు కంటికి కనపడకపోయినా విషం ఉండొచ్చు. ఫ్యాక్టరీ నుంచి మంచిగా వచ్చిన బస్తా కూడా గోడౌన్‌లో తేమకి పాడవ్వచ్చు. ఇప్పుడు విశాఖలోనో మచిలీపట్నంలోనో వానాకాలం, ఉక్కపోత, మూతి తెరిచిన బస్తా వారాల తరబడి షాపులో ఉండటం, ఇవన్నీ కలిపి ఆలోచించండి.

ఇక మన చట్టాల దగ్గరికి వద్దాం, ఇక్కడ కథ భలే ఉంటుంది. 2006 ఆహార భద్రత చట్టంలో ఆహారం అంటే ఏంటో రాసినప్పుడు జంతువుల దాణాని బయట పెట్టారు. కాబట్టి ఫుడ్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికెళితే ఇది మా పరిధి కాదండీ అంటాడు, అతని తప్పు లేదు. పశువుల దాణా మీద మాత్రం ఆ చట్టాన్ని అమలు చేసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లో ఆదేశం ఇచ్చింది, సరుకుల నాణ్యతా ప్రమాణాలు రాసే కేంద్ర సంస్థ బీఐఎస్ ప్రమాణం పాటించాలని, ఎందుకంటే ఆవు తిన్నది పాలల్లో మనదాకా వస్తుంది కదా, ఆ అమలు కూడా తర్వాత వాయిదా పడిందనుకోండి. కుక్క పాలు మనం తాగం, కాబట్టి కుక్క తిండి ఆ ఆదేశంలోకి కూడా రాలేదు. కుక్కకి వేసే మందు బిళ్లకి డ్రగ్స్ చట్టం వర్తిస్తుంది, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు. రోజూ రెండు పూటలా పెట్టే తిండికి ఎవరూ లేరు. కుక్క, పిల్లి తిండికి బీఐఎస్ ప్రమాణం ఒకటుంది, పాటించాలనుకున్న కంపెనీ పాటిస్తుంది, తప్పనిసరి కాదు.

పన్ను దగ్గర మాత్రం ఏ అయోమయమూ లేదు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు పశువుల దాణా మీద పన్ను సున్నా, ప్యాకెట్ కుక్క తిండి మీద 18 శాతం. పన్ను వేసేటప్పుడు ఇది దాణా కాదు, ఖరీదైన సరుకు, సేఫ్టీ అడిగితే మాత్రం ఇది దాణా, ఆహారం కిందకి రాదు! ఇంత తెలివిగా తప్పించుకోవడం మన పెద్దలకే చెల్లింది. జీహెచ్ఎంసీ పెంపుడు కుక్కకి లైసెన్స్ తీసుకోమంటుంది, తీసుకోవాల్సిందే, మేమూ అదే చెప్తాం, కానీ లైసెన్స్ ఇచ్చే ప్రభుత్వానికి ఆ కుక్క ఏం తింటోందో అక్కర్లేదా?

మనుషుల తిండికే దిక్కు లేదు, హోటళ్లలో కుళ్లిన చికెన్ దొరుకుతోంది, మీకు కుక్కల బాధ కావాల్సి వచ్చిందా అని కొందరు అడుగుతారు. వీధి కుక్కల గొడవ కూడా దీంట్లోకి లాగుతారు, అది వేరే విషయం, దాని మీద మేము విడిగా రాస్తూనే ఉన్నాం. ఇక్కడ అడిగేది డబ్బులిచ్చి కొన్న సరుకు గురించి. సిద్దిపేట జిల్లాలో అంతర్జాతీయ కంపెనీ పెట్ ఫుడ్ ఫ్యాక్టరీయే ఉంది, ఈ వ్యాపారం చిన్నదేమీ కాదు, హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ అని లేదు, చిన్న టౌన్లలో కిరాణా కొట్లో కూడా ఈ ప్యాకెట్లు వేలాడుతున్నాయి. పిల్లలు అమెరికాలో ఉండి, ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లకి తోడుగా ఒక కుక్కపిల్ల ఉన్న ఇళ్లు మన కాలనీల్లో ఎన్ని లేవు, ఆ కుక్కకి ఏమన్నా అయితే రాత్రి పదింటికి ఏ క్లినిక్ తెరిచి ఉంటుందో తెలీక, ఆటోవాడు కుక్కని ఎక్కించుకోనంటే వాళ్లు పడే అవస్థ చూసినవాళ్లెవరూ ఇది డబ్బున్నోళ్ల ముచ్చట అనరు.

అసలీ ప్యాకెట్లే వద్దు, ఇంటి తిండి పెట్టుకుంటే సరిపోతుంది అనే సలహా కూడా వస్తుంది. కొంతవరకు నిజమే, కానీ మన పెరుగన్నం మీదే బతికే కుక్కకి, పిల్లికైతే ఇంకా, ప్రోటీన్ చాలదు. మనకి అలవాటైన ఉల్లిపాయ, వెల్లుల్లి వేసిన కూర వాటికి విషం. ద్రాక్ష, చాక్లెట్ కూడా అంతే. జ్వరం అని పిల్లికి పారాసిటమాల్ బిళ్ల వేస్తే ప్రాణం పోతుంది. డాక్టర్‌ని అడిగి వండి పెడితే మంచిదే.

ప్రభుత్వం కదిలేలోపు మనం చేసుకోగలిగింది కొంచెమే ఉంది. లూజ్ తిండి కొనొద్దు. బస్తా కొంటే డబ్బాలో పోసి సంచీ పారేయొద్దు, సంచీతో సహా డబ్బాలో పెట్టండి, బ్యాచ్ నంబర్, తేదీ ఉన్నచోట ఫోన్‌తో ఫొటో తీసుకోండి, బిల్లు అడిగి తీసుకోండి. కుక్క ఒక్కసారిగా తినడం మానేసినా, మామూలు కంటే నీళ్లు ఎక్కువ తాగుతున్నా, చిగుళ్లు, కళ్లు పచ్చబడినా ఆ తిండి ఆపేసి, ఒక గుప్పెడు జిప్ కవర్లో వేసి దాచి, డాక్టర్ దగ్గరికెళ్లి ఏం పెట్టామో రాయించుకోండి. డాక్టర్ చీటీ, బిల్లు ఉంటే 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, జిల్లా కమిషన్‌లో 5 లక్షల లోపు విలువకి ఫీజు కూడా లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం ప్రమాదకరమైన సరుకుని మార్కెట్లోంచి వెనక్కి తెప్పించే అధికారం సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీకి ఉంది, పెట్ ఫుడ్ కూడా సరుకే కాబట్టి వాళ్లు తలచుకుంటే చేయగలరు. తలచుకోవాలంటే ముందు వాళ్లదాకా ఫిర్యాదులు చేరాలి, ఎవరింట్లో కుక్క వాళ్లింట్లో చచ్చిపోతే వాళ్లకి ఎలా తెలుస్తుంది?

అందుకే మేము అడిగేది పెద్ద పెద్ద చట్టాలు కాదు, అవి ఢిల్లీలో ఎప్పటికి తేలేను. బీఐఎస్ ప్రమాణాన్ని తప్పనిసరి చేయాల్సింది కేంద్రం, చేయాలి. ఈలోపు మన రెండు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలు సొంతంగా చేయగలిగిన పని ఒకటుంది. 1962 నంబర్ ఇప్పటికే ఉంది, ఊళ్లో గేదెకి జబ్బు చేస్తే ఫోన్ కొడితే బండి వస్తుంది. అదే నంబర్‌కి పెట్ ఫుడ్ అనుమానాల కోసం ఇంకో బటన్ పెట్టండి, ప్రైవేట్ క్లినిక్‌లు కూడా దానికే చెప్పేలా ఒక సర్క్యులర్ ఇవ్వండి, బ్యాచ్ నంబర్, ఊరు, లక్షణాలు, ఈ మూడు రాసుకుంటే చాలు, ఒకే బ్యాచ్ మీద మూడు ఊళ్ల నుంచి ఫోన్లొస్తే శాంపిల్ తీయించండి. రాజేంద్రనగర్‌లో వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, తిరుపతిలో ఇంకోటుంది, పరీక్షలు వాళ్లకి అప్పజెప్పి, ఫలితం బాగున్నా బాగోకపోయినా బయటపెట్టండి, మంచి కంపెనీలకి కూడా అదే మేలు. అమరావతి, హైదరాబాద్, రెండింట్లో ఎవరు ముందు ఆ బటన్ పెడితే వాళ్ల ప్రకటన మేము మొదటి పేజీలో వేస్తాం, పైసా తీసుకోకుండా.