ఆ నీలిరంగు వెనక పంజరాన్ని పిల్లలకు చూపించండి

హుస్సేన్ సాగర్ నీళ్లలో ఫాస్ఫేట్ ఎంతుందో తెలుసుకోవాలంటే ఎక్కువగా వాడేది ఓ పాత పద్ధతే. శాంపిల్‌లో ఆమ్లం కలిపిన అమ్మోనియం మాలిబ్డేట్ పోస్తారు, విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ ఆమ్లం కలుపుతారు. కొద్ది నిమిషాల్లో నీళ్లు నీలంగా మారతాయి. నీలం ఎంత చిక్కబడితే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. రీడింగ్ రాసుకుని టెస్ట్ ట్యూబ్ కడిగేస్తారు. అసలు కెమిస్ట్రీ అక్కడే మొదలవుతుంది, మన డిగ్రీ ల్యాబులు అక్కడే ఆగిపోతాయి.

ఆ ట్యూబులో ఒక్కో ఫాస్ఫేట్ చుట్టూ 12 మాలిబ్డినం పరమాణువులు ఆక్సిజన్లతో కలిసి పంజరం కట్టుకుంటాయి. ఈ తరహా పంజరం ఆకారాన్ని 1933లోనే కెగ్గిన్ అనే శాస్త్రవేత్త ఎక్స్-రేలతో తేల్చారు. ముందు పంజరం కట్టి, తర్వాత ఫాస్ఫేట్‌ని లోపలికి తోయడం కాదు. ఫాస్ఫేట్ ఉంటేనే ఆ పంజరం లేస్తుంది.

1985లో కార్బన్ బంతి సి60 బయటపడ్డాక అందరి చూపూ ఫుల్లరిన్లనే ఇలాంటి కార్బన్ బంతులవైపు తిరిగింది. సి60లో 12 పంచభుజులు, 20 షడ్భుజులు. ఈ రెండింటితోనే, ప్రతి మూలలో మూడు కలిసేలా బంతి మూయాలంటే పంచభుజులు కచ్చితంగా 12 ఉండాలి. ఇది గణితం పెట్టిన షరతు, కార్బన్ సొంత సొత్తేమీ కాదు. 1998లో జర్మనీలో అఖిమ్ ముల్లర్ బృందం 132 మాలిబ్డినం పరమాణువులతో గోళం కట్టింది. అందులోనూ పంచభుజి ముక్కలు 12. 2003లో జర్మనీలోనే మాన్‌ఫ్రెడ్ షేర్ బృందం ఐదేసి ఫాస్ఫరస్ పరమాణువుల వలయాలను రాగి క్లోరైడ్‌తో కలిపింది. 90 అకర్బన పరమాణువుల చట్రంతో బంతి తయారైంది, ఆ చట్రంలో కార్బన్ లేదు. ఆ తర్వాత అదే ద్రావణంలో కార్బోరేన్ అనే అణువు వేస్తే దాని చుట్టూ 60 ఫాస్ఫరస్, 20 రాగి పరమాణువులతో మరో బంతి వచ్చింది. అతిథి మారితే ఇల్లే మారిపోయింది! విడిపోయి మళ్లీ కలవగల బంధాలు ఉండబట్టే అణువులు తప్పులు సరిదిద్దుకుంటూ ఇంత పని చేయగలుగుతున్నాయి.

హైదరాబాద్‌కు ఈ విద్య కొత్తేమీ కాదు. అణువులు ఒకదాన్నొకటి గుర్తుపట్టి స్ఫటికంగా ఎలా పేరుకుంటాయో గౌతమ్ దేశిరాజు సెంట్రల్ యూనివర్సిటీలోనే ఏళ్ల తరబడి శోధించి, ఆ రంగానికి ప్రపంచంలో గుర్తింపు తెచ్చారు. 2017లో అంతర్జాతీయ స్ఫటికశాస్త్ర మహాసభ ఇక్కడే జరిగింది. ఒకే మందు రెండు రకాల స్ఫటికాలుగా వస్తే నీళ్లలో కరిగే తీరే మారుతుందని మన ఫార్మా కంపెనీల వాళ్లకు బాగా తెలుసు.

కానీ ఆ తెలివి మాత్రల దగ్గరే ఆగిపోతోంది. అకర్బన రసాయనశాస్త్రం అంటే మన పిల్లలకు ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోసం బట్టీ పట్టే రంగుల జాబితా. ఏ అయాన్‌కి ఏ రంగో టకటకా చెప్తారు, ఎందుకని అడిగితే టెన్షన్ పడతారు. తప్పు పిల్లలది కాదు, మనం ఆ ప్రశ్న పరీక్షలో అడగం కాబట్టి వాళ్లూ పట్టించుకోరు. ఇంత స్ఫటికశాస్త్రం ఉన్న నగరంలో ఇలా జరగడం నాకు బాధగా ఉంది.

మార్చడానికి కోట్లు అక్కర్లేదు. కేంబ్రిడ్జ్ డేటాబేస్‌లో స్ఫటిక నిర్మాణాలను ఒక్కొక్కటిగా ఉచితంగా చూడొచ్చు. నీలిరంగు పరీక్ష చేయించే రోజునే ఆ పంజరాన్ని స్క్రీన్ మీద తిప్పి చూపించాలి, మధ్యలో ఫాస్ఫేట్ ఎక్కడుందో పిల్లలతోనే వెతికించాలి. ఉస్మానియా నుంచి అనుబంధ కాలేజీల దాకా సిలబస్ రాసేవాళ్లు ఈ ఒక్క గంటను ప్రాక్టికల్స్‌లో చేర్చి, దానికి మార్కులు కేటాయించాలి.